తిరిగివ్వని గిన్నెలు

పోయిన వారం త్రివేణిని నయా రాయపూర్ నుంచి వచ్చే బస్సులో నిలబెట్టి వదిలేశాం. ఆఫీసులో నేల తుడుస్తుంటే ఫోన్ వచ్చింది, గుర్తుందా? పెద్దకూతురు నీలిమ. "మమ్మీ, పెదనాన్న వచ్చాడు. మా బట్టలు సర్దుతున్నాడు. జల్దీ ఆవో" అంది. అంతే, కట్ అయిపోయింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారు పడకండి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. త్రివేణి మొగుడు ఈశ్వర్ రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కూలీ. ఎర్రగా కాలిన కడ్డీ కుడిచేతి మీద పడింది. చెయ్యి కాలింది, పని పోయింది. కొన్నాళ్ళు కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. వానల్లో ఓ రోజు "టాటీబంధ్‌లో లారీల దగ్గర ఏదైనా పని చూసుకుంటా" అని మధ్యాహ్నం క్యారేజీ చేత్తో పట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఫోన్ స్విచాఫ్. రేషన్ కార్డు పార్వతీపురం దగ్గర ఊళ్ళో ఉంది, మనుషులేమో రాయపూర్‌లో ఉన్నారు. ఇక్కడి షాపువాడు బియ్యం ఇవ్వడు.

అప్పుడు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు ఇళ్ళవాళ్ళు వంతు పెట్టుకున్నారు. వ్యాగన్ల వర్క్‌షాపు పెట్టిన కాలం నుంచీ ఉన్న అలవాటు అది. కష్టం వచ్చిన ఇంటికి రోజుకో ఇల్లు భోజనం పంపాలి. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి గేటు కొక్కేనికి తగిలించి, గొళ్ళెం ఒక్కసారి చప్పుడు చేసి వెళ్ళిపోవాలి. గుమ్మం ఎక్కకూడదు. తినేవాళ్ళ మొహం చూడకూడదు. అంతవరకూ బాగానే ఉంది. తంటా అంతా ఆ గిన్నెలతోనే వచ్చింది.

బస్సు దిగి త్రివేణి పరుగులాంటి నడకతో గ్రౌండు దాటింది. అక్కడ దసరా రావణుడికి వెదుళ్ళు కడుతున్నారు. తల ఇంకా ఎక్కించలేదు. పిల్లలకి సెలవులు కాబట్టి సగం కాలనీ అక్కడే ఉంది. ఆ సందట్లో కూతుళ్ళిద్దరి కోసం వెతికింది. లేరు.

ఇంటికొచ్చేసరికి గేటు తీసే ఉంది. ఒక్కటే గది. మధ్యలో గోనెసంచి పరుచుకుని ఈశ్వర్ అన్న అచ్చయ్య కూర్చున్నాడు. ఎదురుగా గూట్లోని గిన్నెలన్నీ దింపి వరసగా పెట్టుకున్నాడు. పక్కన రెండు సంచులు, వాటి దగ్గరే పిల్లలిద్దరూ. ఒకదాంట్లోంచి చిన్నది రజని ఎర్ర గౌను అంచు బయటికి కనిపిస్తోంది.

"ఒచ్చేవా అమ్మా" అన్నాడు తలెత్తకుండా. "కూకో. నీకోసమే చూస్తన్నాను."

"ఎప్పుడొచ్చారు బావగారూ? ఒక్క ఫోన్ చేస్తే నేను స్టేషన్‌కి..."

"సరోజిని" అన్నాడాయన.

"ఏటి?"

"ఈ గిన్నె మీద సరోజిని అని కొట్టి ఉంది. ఈ డబ్బా మీద దానయ్య. ఎవుడమ్మా దానయ్య?"

"ఆటో దానయ్య బావగారూ. పిల్లల్ని బడికి దింపుతాడు."

"పప్పు కూడా దింపుతాడేటి?" అచ్చయ్య ఇంకో గిన్నె తీసి వెలుతురుకి పెట్టాడు. "మహేశ్వరి. ఇదిగో ఇది రూతమ్మ, పక్కన సిలవ బొమ్మ. ఇది ఎవులిదో వర్క్‌షాపు రిటైర్‌మెంటుకి ఇచ్చిన పళ్ళెం. నా తమ్ముడింట్లో ఊరందరి పేర్లూ ఉన్నాయి. నా తమ్ముడి పేరు మాత్రం లేదు."

త్రివేణి గోడకి ఆనుకుని నిలబడింది. ఏం చెప్తుంది? ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. మన ఇళ్ళన్నిటిలో ఉన్నదే. కాసిన్ని మినుములో, రెండు అరటిపళ్ళో, కనీసం చిటికెడు పంచదారో వేసి ఇవ్వాలి. త్రివేణికి వెయ్యడానికి ఏమీ లేక, ఖాళీగా ఇవ్వడానికి చేతులు రాక, కడిగి తుడిచి గూట్లో పెట్టింది. ఇవాళ కాకపోతే రేపు వేసి ఇద్దామనుకుంది. అలా గిన్నెలో గిన్నె, గిన్నెలో గిన్నె పెరుగుతూ పోయాయి.

"మా అమ్మ పైడమ్మ బతికినన్నాళ్ళూ ఎవులింటి గిన్నే ముట్టుకోలేదు" అన్నాడు అచ్చయ్య. గొంతులో కోపం కంటే వేరే ఏదో ఎక్కువగా ఉంది. "మనూరి కుర్రోడు ఇక్కడికి పెళ్ళికొచ్చి ఎల్లేడు. రచ్చబండ కాడ అందరి ముందూ సెప్పేడు. 'అచ్చయ్య తమ్ముడి పిల్లలకి వారాలు కడుతన్నారు' అని. నానెక్కడికి ఎల్లాలమ్మా ఆ మాటిని? నాకు ఒక్క ముక్క రాయించకూడదా? నాను సచ్చిపోనేదు కదా?"

"మీకూ ఇద్దరు పిల్లలున్నారు బావగారూ. పోయినేడు వరి మునిగిపోయిందని విన్నాను. ఏ మొహం పెట్టుకుని..."

"మునిగితే మునిగింది. గంజైనా మా ఇంటి గిన్నెలో తాగుతారు. సాయంత్రం విశాఖ బండికి గుంటల్నిద్దర్నీ తీసుకెల్తన్నాను. నువ్వుండు. పని సేసుకో. ఆడొచ్చినప్పుడు అందరం కూకుని మాటాడుదాం."

రజని వచ్చి తల్లి కొంగులో దూరింది. నీలిమ మాత్రం సంచుల దగ్గరే నిలబడింది, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు వాటిని కాలితో తొక్కిపెట్టి.

"ఏటన్నయ్యా, గిన్నెల షాపు పెట్టేవేటి? బోణీ అయ్యిందా?"

గుమ్మంలో సరోజిని. పక్క వరస క్వార్టర్ ఆమెది. ఆమె సొంతూరూ శ్రీకాకుళం వైపే. గొంతు ముందొస్తుంది, మనిషి వెనకొస్తుంది. ఆమె వెనకాలే రూతమ్మ, చేతిలో క్యారేజీతో. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా రిటైరైన మనిషి. తెల్లచీర, మెడలో నల్లపూసల గొలుసు, దానికి గుత్తిగా పిన్నీసులు. ఇవాళ బుధవారం, వంతు ఆమెది. క్యారేజీ గేటుకి తగిలించకుండా ఆమె లోపలికి రావడం ఇదే మొదటిసారి.

"మీరెవలు?" అన్నాడు అచ్చయ్య.

"ఇందాకట్నించి పేరు పెట్టి పిలుస్తన్నావు కదా, రోడ్డు దాకా ఇనిపిస్తంది. సరోజినిని నేనే." లోపలికొచ్చి తన గిన్నె గుర్తుపట్టి చేతిలోకి తీసుకుంది. "ఓలమ్మో, ఇదిక్కడుందా! ఒసే త్రివేణీ, నిన్న మా ఆయనకి పులుసు కుక్కర్‌తోనే పెట్టేను. ఇంట్లో గిన్నెలన్నీ అయిపోయాయే! ఇంత కరివేపాకు రెమ్మ పడేసి పంపితే ఏం పోయింది?"

"మాకు కరివేపాకు చెట్టెక్కడిదక్కా?"

"మా చెట్టుకి కోసి మాకే వెయ్యవే! ఎవలొద్దన్నారు?"

ఆ పరిస్థితిలోనూ త్రివేణికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి ఏదో వింత చప్పుడైంది.

అచ్చయ్య నవ్వలేదు. "సూడమ్మా, మీరు మంచోల్లే. కాదన్ను. కానీ మేం ధర్మం తినే వంశం కాదు."

"ధర్మమా?" సరోజిని గిన్నె కింద పెట్టేసింది. నవ్వు పోయింది. "అన్నయ్యా, మా ఆయనకి ఆపరేషనైనప్పుడు రక్తం దొరక్క నేను ఆస్పత్రి మెట్ల మీద కూలబడిపోయేను. నీ తమ్ముడు నైట్ డ్యూటీ దిగి, మొహమైనా కడుక్కోకుండా వచ్చి చెయ్యి చాపేడు. ఆ రక్తం ఇప్పుడు మా ఆయన ఒంట్లో తిరుగుతంది. నేను గిన్నెడు పప్పు పంపితే అది ధర్మమా? చెప్పు. మరి ఆ రక్తాన్నేటంటావు?"

అచ్చయ్య ఆమె కింద పెట్టిన గిన్నెని దగ్గరకి లాక్కుని మళ్ళీ పేరు చదివాడు. ఆ సంగతి ఆయనకి తెలీదు. తమ్ముడు చెప్పుకునే రకం కాదు.

రూతమ్మ ఈలోగా క్యారేజీ గుమ్మం మీద పెట్టింది. రజనిని దగ్గరకు లాక్కుని, గుండీలు ఊడిన గౌను వీపున దగ్గరకు పట్టి, గొలుసులోంచి ఒక పిన్నీసు తీసి పెట్టింది. "కదలకు తల్లీ, గుచ్చుకుంటాది" అంది. మామూలుగా రూతమ్మ ఉన్నచోట ఇంకొకరికి మాట దొరకదు. ఇవాళ ఎందుకో అచ్చయ్య మొహం వైపు కూడా చూడటంలేదు. కళ్ళు గేటు మీదే ఉన్నాయి.

"సరే" అన్నాడు అచ్చయ్య. గొంతు తగ్గింది. "మీకు మీకు బాకీలు, బంధుత్వాలు ఉన్నాయి, బావుంది. కానీ ఈ పిల్లల తల్లి పొద్దున ఎల్తే సందేళకి వస్తాది. ఎదిగిన గుంట ఇంట్లో ఒక్కర్తే. తండ్రి ఎక్కడున్నాడో తెలీదు. రేపు ఏదైనా ఐతే లోకం ఎవుల్ని అంటాది? మిమ్మల్ని కాదు, నన్ను."

అది అబద్ధం కాదు మరి. త్రివేణి రోజూ బస్సులో కూర్చుని భయపడేది కూడా దానికే.

"పెదనాన్నా." ఇంతసేపటికి నీలిమ నోరు విప్పింది. "అక్కడ స్కూల్లో అంతా తెలుగే ఉంటది కదా?"

"మరేటుంటాది?"

"నాకు తెలుగు పఢ్‌నా నహీ ఆతా. మాట్లాడ్డం వచ్చు. చదవడం రాదు. మాది హిందీ మీడియం. ఎనిమిదో క్లాసుదాన్ని అక్కడ ఒకటో క్లాసులో కూర్చోబెడతారా, చిన్నపిల్లల పక్కన?"

అచ్చయ్య ఆశ్చర్యపోయాడు. "తెలుగు రాదా? మరి ఈ గిన్నెలు ఎవులివో ఎలగ తెలుసు నీకు?"

"నాకేం తెలుసు? గోల్ గోల్ అక్షరాలు. అన్నీ గుండ్రంగా ఒకటిలాగే ఉంటాయి. తెచ్చి, తినేసి, కడిగి పెట్టేస్తా."

"ఓసినీ! దీనికేటి, రెండు రోజుల్లో నాను నేర్పెయ్యనూ? నాను సదివింది ఐదే. రా ఇటు. కూకో." ఆయన మొహంలో మొదటిసారి పెదనాన్న కనిపించాడు. గిన్నెల్లో చెయ్యిపెట్టి, పెద్ద గిన్నె అడుగున ఇరుక్కున్న చిన్న క్యారేజీ డబ్బా ఒకటి లాగాడు. పక్కన సొట్ట. "ఇదిగో, మూత మీద సూడు. ఇది 'పై'. పకారానికి ఐత్వం. తర్వాత 'డ'. తర్వాత..."

ఆగిపోయాడు.

డబ్బాని దగ్గరగా పెట్టుకున్నాడు. తిప్పాడు. సొట్ట మీద బొటనవేలుతో తడిమాడు.

"ఏటైంది బావగారూ?"

"ఇది నాను కొన్నాను" అన్నాడాయన. "పార్వతీపురం సంతలో. ఆడు మొట్టమొదట రాయపూర్ బండెక్కిన రోజు. అమ్మ పేరు కొట్టించమంటే షాపోడు అక్కడికక్కడే కొట్టించేడు. బండెక్కుతుంటే జారి పడి ఈ సొట్ట పడింది. ఇది... ఇది ఈశ్వరుగాడి క్యారేజీ."

త్రివేణి డబ్బా లాక్కుంది. చూడక్కర్లేదు, ఆ సొట్ట ఆమె వేళ్ళకే తెలుసు. ఏళ్ళ తరబడి రోజూ తెల్లారి దాంట్లోనే అన్నం సర్దింది. వానల్లో ఆ రోజు మధ్యాహ్నం మొగుడి చేతికి తనే ఇచ్చింది.

"ఇది ఇంట్లోకి ఎలా వచ్చింది? నీలూ! ఇదెప్పుడొచ్చింది?"

నీలిమ బెదిరిపోయింది. "నాకు తెలీదు మమ్మీ... పోయిన బుధ్‌వార్. ఆ రోజు గేటుకి రెండు ఉన్నాయి. ఒకటి రూత్ అమ్మమ్మది, అన్నం, చేపల పులుసు. రెండోది ఇది. ఎవరో ఎక్స్‌ట్రా పంపారు అనుకున్నా. పాపా క్యారేజీ నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు, నేను లేచేసరికే వెళ్ళిపోయేవాడు."

"అందులో ఏముంది?"

"రోటీలు. దాల్ ఫ్రై. పచ్చిమిర్చి, ప్యాజ్. ఢాబాలో ఇస్తారు కదా, అలాంటిది."

వంతు పెట్టుకున్న ఏ తెలుగింటి నుంచీ ఇంతవరకూ రోటీ రాలేదు. త్రివేణికి ఆ సంగతి తట్టడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ తర్వాత ఆమె ఎవరి వైపూ చూడలేదు, తిన్నగా రూతమ్మ వైపు చూసింది. బుధవారం వంతు ఆమెది. బుధవారం ఇంకో క్యారేజీ వేలాడితే అడిగేవాళ్ళుండరు.

రూతమ్మ నెమ్మదిగా గుమ్మం మీద కూర్చుంది.

"సిస్టరమ్మగారూ" అంది త్రివేణి. "మీకు తెలుసు."

"చెప్పొద్దన్నాడమ్మా."

"ఎప్పట్నించి తెలుసు?"

"నెలైంది. మా గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఢాబాలో పనిచేస్తున్నానన్నాడు. పిల్లలు తింటున్నారా అని అడిగాడు. తింటున్నారు నాయనా అన్నాను. ఆ వంతులో నన్ను కూడా కలుపుకోండి అన్నాడు. సొంత బిడ్డలకి వంతేంటి నాయనా, ఇంటికెళ్ళు అన్నాను. వెళ్ళలేనన్నాడు. నాతో మాట తీసుకున్నాడు."

"మాట!" అంది త్రివేణి. "నెల్రోజులుగా ప్రతి ఆదివారం నేను టాటీబంధ్‌లో లారీ లారీకీ ఫోటో పట్టుకుని తిరిగాను. నవ్వినోళ్ళు నవ్వారు, చెయ్యి పట్టుకున్నోళ్ళు పట్టుకున్నారు. ఇంటికొచ్చి మీ ఒళ్ళోనే కదా ఏడ్చాను? నా తల నిమురుతూ మీరు మాట నిలబెట్టుకున్నారా?"

రూతమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "తప్పో ఒప్పో నాకు తెలీదమ్మాయ్. ప్రతి రాత్రీ దేవుణ్ణి అడుగుతానే ఉన్నాను. ఆస్పత్రిలో ముప్ఫైయేళ్ళు చేశాను. ఒక మనిషి తన ఒంటి సంగతి తను చెప్పుకోవాలి, ఇంకొకళ్ళు చెప్పకూడదు."

"ఒంటి సంగతా? ఏం ఒంటి సంగతి?"

రూతమ్మ మళ్ళీ గేటు వైపు చూసింది.

"ఊళ్ళోనే ఉన్నాడన్నమాట" అచ్చయ్య లేచి నిలబడ్డాడు. గోనెసంచి కాలికి చుట్టుకుంది, తన్నేశాడు. "బతికే ఉన్నాడు. ఇంటికి రాకుండా దొంగలాగ గేటుకి రొట్టిలు తగిలించి పోతన్నాడు. ఏ ఢాబా? సెప్పండి ఏ ఢాబా? ఆడి సెవులు పట్టుకుని ఈడ్చుకొస్తాను. సాయంత్రం బండికి ఆడూ ఎక్కుతాడు, లేకపోతే..."

గేటు గొళ్ళెం చప్పుడైంది.

ఒక్కసారే.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. రూతమ్మ క్యారేజీ ఆమె పక్కనే గుమ్మం మీద ఉంది. ఇవాళ ఇంకెవరి వంతూ లేదు.

ముందు తేరుకున్నది అచ్చయ్య. ఒక్క అంగలో గుమ్మం దాకా వెళ్ళాడు. త్రివేణి చెయ్యి అడ్డం పెట్టింది. "మీరాగండి బావగారూ."

"ఆగడమేటి!"

"నేను వెళ్తాను. మీరు ముందెళ్తే పరిగెడతాడు."

రెండడుగులు వేసి, చేతిలో డబ్బా చూసుకుని ఆగింది. ఖాళీ డబ్బా. అటూ ఇటూ చూసింది. అచ్చయ్య చేతిసంచి మూల తాటాకు పొట్లం ఒకటి ఉంది, పిల్లల కోసం ఊరి నుంచి తెచ్చిన తాటి తాండ్ర. అడక్కుండానే అందులోంచి ముక్క విరిచి డబ్బాలో వేసింది. మూత పెట్టింది. సరోజిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గేటు కొక్కేనికి ప్లాస్టిక్ కవరు ఊగుతోంది, లోపల కాగితంలో చుట్టిన రోటీలు. సందులో ఒక మనిషి గ్రౌండు వైపు తలదించుకుని వేగంగా వెళ్ళిపోతున్నాడు. ఆ భుజాలు త్రివేణికి తెలుసు. పెళ్ళైనప్పటి నుంచీ ఆ వీపు వెనకే నడిచింది.

"మావా" అంది.

గట్టిగా అనలేదు. అయినా అతను ఆగాడు. తిరగలేదు.

"గిన్నె వదిలేసి పోతన్నావు. మీ అమ్మ పేరున్న గిన్నె."

అతను వెనక్కి తిరక్కుండానే ఎడంచెయ్యి చాపాడు, డబ్బా అందులో పెట్టమన్నట్టు. త్రివేణి దగ్గరకెళ్ళింది. చెమట వాసన, ఢాబా పొగ వాసన. డబ్బా ఆ చేతిలో పెట్టబోతూ అతని కుడివైపు చూసింది.

కుడిచేతి చొక్కా మోచేతి దగ్గర మడిచి ఉంది. మడత ఊడిపోకుండా పిన్నీసు పెట్టి ఉంది. రజని గౌనుకి రూతమ్మ ఇందాక పెట్టిన పిన్నీసులాంటిదే. ఆ కింద ఏమీ లేదు.

త్రివేణి డబ్బా అతని ఎడంచేతిలో పెట్టింది.

"ఇందులో ఏటో ఉంది" అన్నాడు ఈశ్వర్. నెలల తర్వాత విన్న గొంతు. "ఖాళీగా లేదు."

"ఖాళీగా ఎలా ఇస్తాను?" అంది. చూపు మాత్రం ఆ పిన్నీసు మీంచి తియ్యలేకపోతోంది. "మీ అన్న తెచ్చిన తాండ్ర. లోపల కూర్చున్నాడు. సంచులు సర్దేశాడు. సాయంత్రం బండికి పిల్లల్నిద్దర్నీ తీసుకెళ్ళిపోతాడంట, తండ్రి లేని పిల్లలని."

ఈశ్వర్ భుజాలు బిగుసుకున్నాయి. వెనక గేటు దగ్గర తండ్రిని పిలుస్తూ "పాపా?" అని రజని గొంతు వినిపించింది. పాపం, అడుగుతున్నట్టే అంది, ఇంకా నమ్మకం లేనట్టు.

"నేనేమీ అడగను మావా. ఎక్కడున్నావని అడగను, చెయ్యి ఎలా పోయిందని అడగను. ఒక్కటే చెప్పు. నువ్వు లోపలికొస్తావా, వాళ్ళని బండెక్కించెయ్యమంటావా?"